పసిబిడ్డ తలచుట్టు కొలత

పెద్దవాళ్ళ పుర్రె గట్టి డబ్బా లాంటిది. లోపల ఒత్తిడి పెరిగితే తలనొప్పి, వాంతులు త్వరగానే మొదలవుతాయి. పసిబిడ్డ పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోలేదు కనుక లోపలి ఒత్తిడికి విడిపోతూ చోటిస్తాయి. అందుకే తలలో నీరు చేరుతున్నా, అంటే హైడ్రోసెఫలస్ మొదలైనా, బిడ్డ కొన్నాళ్ళు పాలు తాగుతూ, ఆడుకుంటూనే ఉండవచ్చు. ఆ రోజుల్లో జబ్బును పట్టించేది టేపే.

ఈ నీరు మెదడు లోపలి గదుల్లో నిత్యం ఊరుతూ, మెదడు చుట్టూ తిరిగి రక్తంలో కలుస్తుంది. మూడో గదికీ నాలుగో గదికీ మధ్యనున్న సన్నని కాలువ పుట్టుకతోనే మూసుకుపోతే అక్కడే నిలిచిపోతుంది. నెలలు నిండకుండా పుట్టినవారికి మెదడులో రక్తస్రావం జరిగినా, మెదడు పొరల వాపు (మెనింజైటిస్) వచ్చినా, వెన్ను సరిగా మూసుకోకుండా పుట్టినా ఇదే ముప్పు. అలాంటి బిడ్డలకు తల ఇంకా తరచుగా కొలవాలి.

వాడి వాడి సాగిపోయిన దర్జీ టేపు పనికిరాదు. సాగని టేపును ముందు కనుబొమల పైన, పక్కల చెవుల పైన, వెనక పెడతల బాగా ఉబ్బిన చోట తగిలేలా చుట్టి, జుట్టు అణిగేలా బిగించాలి. మూడుసార్లు కొలిచి పెద్ద అంకెను తేదీతో రాయాలి. కాన్పులో నలిగిన తల తొలి రెండు మూడు రోజులు సరైన కొలత ఇవ్వదు. నెలలు నిండిన బిడ్డకు పుట్టినప్పుడు సుమారు 33–35 సెం.మీ. ఉంటుంది. మొదటి 3 నెలలు నెలకు దాదాపు 2 సెం.మీ., తర్వాతి 3 నెలలు నెలకు 1 సెం.మీ., ఆపైన ఏడాది దాకా నెలకు అర సెం.మీ. పెరుగుతుంది. 6, 10, 14 వారాల టీకాలకు వెళ్ళినప్పుడు కొలిచి, వయసును బట్టి తల పెరుగుదల గీతలుండే చార్టులో గుర్తు పెట్టమని అడగండి. తాత పోలికతో వచ్చిన పెద్ద తల సాధారణంగా తన గీత వెంటే పెరుగుతుంది. నీరు చేరిన తల గీతలు దాటుకుంటూ పైకి పోతుంది. ఏది ఏదో తేల్చాల్సింది మాత్రం డాక్టరే.

మాడును, అంటే నడినెత్తిన ఎముకలు ఇంకా కలవని మెత్తని చోటును, బిడ్డ ఏడవనప్పుడు, నిటారుగా ఎత్తుకుని చూడాలి. ఏడుస్తున్నప్పుడు ఉబ్బడం మామూలే. నిమ్మళంగా ఉన్నప్పుడూ బిగిసి ఉబ్బి ఉంటే చూపించాలి. రోజూ ఆముదం పెట్టే అమ్మమ్మ చేతికి ఈ తేడా అందరికంటే ముందు తెలుస్తుంది. ఆ ఉబ్బు నూనెకు తగ్గదు, నొక్కితే అసలే తగ్గదు. తల మీద నరాలు తేలడం, ఎముకల మధ్య సందు వెడల్పవడం, కళ్ళు కిందికి వాలి నల్లగుడ్డు పైన తెల్లగుడ్డు కనిపించడం కూడా గుర్తులే. పదే పదే వాంతులు, పాలకు కూడా లేవనంత మత్తు, కీచుమనే ఏడుపు, ఫిట్స్, జ్వరంతో పాటు మాడు ఉబ్బడం: వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

మూసుకోని మాడు వల్ల ఒక మేలుంది. దాని మీద ప్రోబ్ ఆనించి, మత్తు లేకుండానే అల్ట్రాసౌండ్‌లో లోపలి గదులను చూడవచ్చు. చాలామందికి నీటిని పొట్టలోకి మళ్ళించే షంట్ అనే సన్నని గొట్టం అమరుస్తారు. ఆ గొట్టం మూసుకుపోతే ఇవే గుర్తులు తిరిగొస్తాయి. దాని వెంట చర్మం ఎర్రబడినా, జ్వరం వచ్చినా ఇన్ఫెక్షన్ అయి ఉండవచ్చు. అందుకని షంట్ పెట్టాక కూడా కొలవడం మానకూడదు.