పులి దుప్పికి ఏ రంగులో కనిపిస్తుంది?

మహారాష్ట్రలో పులులుండే తడోబా అడవికి సఫారీకి వెళ్లొచ్చిన ఒకాయన అడిగారు: "జీపులోంచి చూస్తే గడ్డిలో పులి కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. దాని ముందే మేస్తున్న చుక్కల దుప్పులు తల కూడా ఎత్తలేదు. అవేమైనా గుడ్డివా?"

గుడ్డివేం కావు. కదలికను పట్టడంలో దుప్పి మనకంటే చురుకు. చిక్కంతా రంగు దగ్గరే. నేరుగా కంట్లోకే పోదాం.

రంగు పని చూసేవి రెటీనాలోని, అంటే కంటి వెనక పొరలోని, కోన్ కణాలు. మనకు మూడు రకాలున్నాయి. ఇవి సుమారు 420, 530, 560 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతికి బాగా స్పందిస్తాయి. జింకలకు రెండే రకాలు: ఒకటి 450 దగ్గర, ఇంకోటి 540 దగ్గర. ఒక్కో రకాన్ని ఒక్కో సాక్షి అనుకోండి. సాక్షికి రంగు తెలీదు. "నా దాకా ఇంత వెలుగొచ్చింది" అని చెప్పి ఊరుకుంటాడు. సాక్ష్యాలు పోల్చి రంగు తేల్చేది మెదడు.

ఆకు నుంచి వచ్చే కాంతి ఎక్కువగా 550 చుట్టుపక్కల ఉంటుంది. పులి వెంట్రుకల నుంచి వచ్చేది 600, ఆ పైన. ఆకు విషయంలో మన 530, 560 సాక్షులిద్దరూ ఇంచుమించు ఒకే మాట చెబుతారు. పులి దగ్గరికొచ్చేసరికి 560 వాడు గట్టిగా చెబుతాడు, 530 వాడు నసుగుతాడు. ఆ తేడానే మనకు నారింజ రంగు. దుప్పి కోర్టులో ఈ ఇద్దరి బదులు ఒక్కడే. ఆకైనా పులైనా 450 వాడిది "నాకు పెద్దగా ఏమీ రాలేదు" అనే మాటే, 540 వాడిది "కొంత వచ్చింది" అనే మాటే. కేసు కొట్టేశారు! ఇక మిగిలేది వెలుగునీడల తేడా. ఒంటి అంచు ఎక్కడుందో తెలీకుండా చారలు దాన్నీ ముక్కలు చేసేస్తాయి.

మరి పులి ఏకంగా ఆకుపచ్చగానే పుట్టొచ్చుగా? కుదరదు. క్షీరదాల వెంట్రుకలకు దొరికే రంగులు రెండు మెలనిన్లే. యూమెలనిన్ నలుపు, గోధుమ ఇస్తుంది. ఫియోమెలనిన్ పసుపు, ఎరుపు ఇస్తుంది. అన్నట్టు పులికీ రెండు రకాల కోన్లే, తన రంగు తనకూ తెలీదు. బళ్లో ఇంద్రధనస్సుకు ఏడు రంగులని బట్టీ పట్టిస్తాం గానీ, ఎవరి కంటికి అని ఏ టీచరూ అడగరు.

కొండముచ్చు సంగతి వేరు. మనకూ దానికీ ఉమ్మడి పూర్వీకుల్లో, 3 కోట్ల ఏళ్లకు ముందే, ఎక్స్ క్రోమోజోమ్ మీద కోన్ జన్యువు ఒకటి రెండై మూడో సాక్షి పుట్టాడు. పైగా అది కూర్చునేది చెట్టు మీద. అది రాల్చే ఆకులూ కాయల కోసం దుప్పులు కిందనే మేస్తుంటాయి, పులిని చూసి అది పెట్టే కేకా వింటుంటాయి. నల్లమలలో తుమ్మలబైలు, ఫరహాబాద్ లాంటి చోట్ల పులి కంటపడటం అరుదు, అక్కడ చెవులే దిక్కు. కొండముచ్చు ఖక్‌మంటే గైడు ఇంజనాపేస్తాడు. దుప్పి ఊరికే బెదిరి కూడా అరుస్తుంది. సాంబార్ జింక అరిచిందంటే మాత్రం పులి ఉన్నట్టే, గైడు అక్కణ్నుంచి కదలడు.

ఎర్ర చొక్కా వేసుకొస్తే పులి మీద పడుతుందని భయపెట్టేవాళ్లున్నారు. ఎద్దుకూ ఎర్రగుడ్డకూ ముడిపెట్టిన మూఢనమ్మకానికి ఇది తమ్ముడు. ఆ రెండు కోన్ల కళ్లకు ఎరుపు మసక రంగే. బాగా కనిపించేది నీలం. కాబట్టి దాక్కోవాలనుకునేవాళ్లు ముందు మార్చుకోవాల్సింది జీన్స్ ప్యాంటు. జీపెలాగూ కనిపిస్తుందనుకోండి!