తోక కత్తిరించలేని కెప్టెన్లు

టెస్టు మ్యాచ్‌లో ఎనిమిది, తొమ్మిది వికెట్లు చకచకా పడగొట్టిన జట్టు, మిగిలిన ఒకటి రెండు వికెట్ల కోసం గంటల తరబడి చెమటోడ్చడం మనం తరచూ చూస్తుంటాం. బౌలర్ల అలసట ఇందుకు కొంత కారణమే అయినా, కుదురుకున్న బ్యాటర్‌కు సింగిల్ (ఒక్క పరుగు) ఇచ్చేసి అవతలి ఎండ్‌లోని టెయిలెండర్‌ను, అంటే చివర్లో దిగే, బ్యాటింగ్ అంతగా రాని ఆటగాణ్ని ఔట్ చేద్దామన్న ఆలోచనే అంతకన్నా పెద్ద కారణమని నా అభిప్రాయం. ఓవర్ మొదట్లో ఫీల్డర్లందరినీ బౌండరీకి తరలించి, చివరి ఒకటి రెండు బంతులకు, అతను సింగిల్ తీసి తర్వాతి ఓవర్‌కూ తానే ఎదురు నిలవకుండా, దగ్గరకు పిలవడం ఈ పద్ధతి. దీనివల్ల అసలు బ్యాటర్‌ను ఔట్ చేసే ప్రయత్నమే ఆగిపోతుంది.

1982 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో ఇంగ్లండ్ కెప్టెన్ బాబ్ విల్లిస్ చేసింది ఇదే. 292 పరుగుల లక్ష్యంతో ఆడుతున్న ఆస్ట్రేలియా 218 వద్ద తొమ్మిదో వికెట్ కోల్పోయాక అలెన్ బోర్డర్‌కు జెఫ్ థామ్సన్ తోడయ్యాడు. ఆ సిరీస్‌లో పరుగుల కోసం తంటాలు పడుతున్న బోర్డర్‌కు విల్లిస్ ఫీల్డర్లను దూరంగా నిలిపి, అడగకుండానే సింగిల్స్ ఇచ్చాడు. నాలుగో రోజు ఆట ముగిసేసరికి గెలుపునకు 37 పరుగులే మిగిలాయి. మర్నాడు ఒక్క బంతితోనే ముగిసిపోగల ఆటను చూడటానికి సుమారు 18 వేల మంది వచ్చారు. ఇంగ్లండ్ బౌలర్ బోథమ్ బౌలింగ్‌లో థామ్సన్ బ్యాటు అంచును తాకిన బంతి స్లిప్‌లో టవారే చేతుల్లోంచి ఎగిరితే, పక్కనే ఉన్న మిల్లర్ అందుకున్నాడు. ఇంగ్లండ్ 3 పరుగులతో గట్టెక్కింది. ఓడిపోయి ఉంటే ఆ పాఠం బాగా గుర్తుండేదేమో!

టెయిలెండర్ ఎలాగూ ఔటవుతాడన్న నమ్మకం 2010లో మొహాలీలోనూ వమ్మయింది. 216 లక్ష్యానికి భారత్‌కు 124కే 8 వికెట్లు పోయాక, నడుం నొప్పితో రన్నర్‌ను పెట్టుకున్న మన హైదరాబాదీ లక్ష్మణ్‌కు అండగా ఇషాంత్ శర్మ 92 బంతులు ఆడి 31 పరుగులు చేశాడు. ఆ వికెట్‌కు 81 పరుగులొచ్చాయి, భారత్ ఒక్క వికెట్ తేడాతో గెలిచింది. 2019లో లీడ్స్‌లో ఇంగ్లండ్ ఆటగాళ్లు స్టోక్స్, లీచ్ చివరి వికెట్‌కు అజేయంగా జోడించిన 76 పరుగుల్లో లీచ్‌ది ఒక్కటే పరుగు.

2021 ఆగస్టులో లార్డ్స్‌లో మాత్రం కుదురుకున్న బ్యాటర్ అంటూ ఎవరూ లేరు. ఐదో రోజు ఉదయం భారత్ 8 వికెట్లకు 209 పరుగులతో, 182 ఆధిక్యంలో ఉంది. క్రీజులో షమీ, బుమ్రా. కొత్త బంతితో ఆఫ్ స్టంప్ మీద బంతులు వేసి స్లిప్‌లో క్యాచ్ కోసం కాచుకోవలసిన వేళ, ఇంగ్లండ్ కెప్టెన్ జో రూట్ ఫీల్డర్లను బౌండరీకి పంపి బౌన్సర్ల దాడికి దిగాడు. స్టంపుల మీదికి బంతులు అరుదుగానే రావడంతో ఇద్దరూ నిలదొక్కుకుని అజేయంగా 89 పరుగులు జోడించారు. వ్యూహం వేరుగా ఉండాల్సిందని రూట్ తర్వాత ఒప్పుకున్నాడు కూడా. 298 వద్ద డిక్లేర్ చేశాక, అదే బుమ్రా, అదే షమీ కొత్త బంతి అందుకుని తొలి రెండు ఓవర్లలో ఇద్దరు ఓపెనర్లనూ సున్నాకే పంపారు. ఇంగ్లండ్ 120కి ఆలౌటైంది.