గంటల మీటర్ నుంచి నిమిషాల లెక్క వరకు: సర్వర్లలో అడిగినప్పుడే తెరుచుకునే కోర్లు

ఒక ఐబీఎం పవర్ సర్వర్ 32 కోర్లతో (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలతో) వచ్చిందనుకుందాం, వాటిలో 24 మాత్రమే పనిచేస్తుంటాయి. మిగిలిన 8 కోర్లు పెట్టెలోనే ఉంటాయి. వాటిని డార్క్ కోర్లు అంటారు. డబ్బు కట్టి తెచ్చుకున్న కోడ్ ఇచ్చేదాకా హైపర్‌వైజర్ (సర్వర్‌ను పంచిపెట్టే సాఫ్ట్‌వేర్) వాటిని ఏ ఎల్‌పార్‌కీ, అంటే ఒకే సర్వర్‌లో విడి యంత్రంలా నడిచే ఏ భాగానికీ, ఇవ్వదు. సరుకు ఇంట్లోనే ఉన్నా మళ్లీ డబ్బు కట్టడమేమిటని ఫైనాన్స్ విభాగం అడగడం సహజం. జవాబు కావాలంటే వాడకాన్ని ఏ కొలతతో కొలుస్తూ వచ్చారో చూడాలి. ఈ వ్యవహారంలో వచ్చే తగాదాలన్నీ ఆ కొలత దగ్గరే మొదలవుతాయి.

1960లలో ఐబీఎం సిస్టమ్/360 కంప్యూటర్లు ఎక్కువగా అద్దెకే వెళ్లేవి. నెల అద్దెలో 176 గంటల వాడకం కలిసి ఉండేది. అంటే రోజుకు 8 గంటల చొప్పున 22 పనిదినాలు. అది దాటితే అదనపు రుసుము. యంత్రం మీదే కరెంటు మీటర్లలాగా రెండు మీటర్లు, పక్కనే ఒక తాళం స్విచ్ ఉండేవి. మరమ్మతుకు వచ్చిన ఇంజనీర్ తాళం తిప్పితే, ఆ సమయం కస్టమర్ మీటర్‌లో కాకుండా రెండో మీటర్‌లో పడేది. ఎవరి పని ఎవరి ఖాతాలోకి వెళ్లిందో అక్కడే కళ్లతో చూసుకోవచ్చు.

అద్దెలు పోయి కొనుగోళ్లు వచ్చాక మీటర్లు కూడా పోయాయి. ఏడాదిలో రెండు మూడు వారాలే ఉండే రద్దీ కోసం పెద్ద యంత్రం కొనడం, మిగతా కాలమంతా దాన్ని ఖాళీగా ఉంచడం అలవాటైంది. దీనికి విరుగుడుగా 2000ల మొదట్లో ఐసిరీస్, పీ690 వంటి ఐబీఎం సర్వర్లలో కెపాసిటీ అప్‌గ్రేడ్ ఆన్ డిమాండ్ (అవసరమైనప్పుడు కోర్లు తెరిచే పథకం) వచ్చింది. హెచ్‌పీ, సన్ కూడా ఇలాంటి పథకాలే తెచ్చాయి. డబ్బు కడితే 34 అక్షరాల కోడ్ వస్తుంది. దాన్ని సర్వర్లను నడిపించే కన్సోల్ అయిన హెచ్‌ఎంసీలో ఎక్కిస్తే రీబూట్ లేకుండానే కోరు తెరుచుకుంటుంది. ఆ కోడ్ ఆ సర్వర్ సీరియల్ నంబరుకూ, లోపల ఆ సర్వర్ గుర్తింపును దాచే యాంకర్ కార్డుకూ కట్టుబడి ఉంటుంది. కార్డు మార్చాల్సి వస్తే కోడ్లు మళ్లీ తెప్పించుకోవాలి. ఇలా తెరిచిన కోరు శాశ్వతం. రద్దీ తగ్గాక వెనక్కి ఇవ్వడం కుదరదు.

ఆ లోటు తీర్చడానికి కోర్లను కొన్ని రోజులకే తెరిచే ఆన్/ఆఫ్ పద్ధతి వచ్చింది. దీని కొలత ప్రాసెసర్ దినం. నాలుగు కోర్లు ఐదు రోజులకు అడిగితే 20 ప్రాసెసర్ దినాలు. రోజంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి కాదు, కోర్లు తెరిచిన క్షణం నుంచి 24 గంటలు. పది గంటల్లోనే పని ముగిసినా పూర్తి రోజు పడుతుంది. వాడకం నివేదికను కనీసం నెలకోసారి ఐబీఎంకు పంపాలి. పంపకపోతే వాడినదెంతో తేల్చడమే గొడవవుతుంది.

అసలు దెబ్బ తగిలేది గడువు ముగిశాక. సిస్టమ్ కోర్లను బలవంతంగా లాక్కోదు. ఎల్‌పార్‌లో ఇంకా ఉంటే 'అన్‌రిటర్న్‌డ్' (తిరిగి ఇవ్వనివి) అని చూపిస్తూ రోజులు లెక్కిస్తూనే ఉంటుంది. కాబట్టి ముందు డైనమిక్ ఎల్‌పార్ (ఎల్‌పార్‌ను ఆపకుండానే వనరులు మార్చే పద్ధతి) ద్వారా కోర్లను లేదా ఎన్‌టైటిల్‌మెంట్‌ను (దానికి హామీగా ఇచ్చిన కోర్ల వాటాను) తగ్గించాలి, ఆ తర్వాతే అభ్యర్థన ముగించాలి. ఈ తగ్గింపు హెచ్‌ఎంసీకీ ఎల్‌పార్‌కీ మధ్య నెట్‌వర్క్ సంబంధమైన ఆర్‌ఎంసీ మీద నడుస్తుంది. 657 పోర్టును ఫైర్‌వాల్ మూసేసి ఉంటే ఆ పని ముందుకు సాగదు. ఇంకో చిక్కు కూడా ఉంది. నడుస్తున్న ఎల్‌పార్‌లో తగ్గించి, ప్రొఫైల్‌లో (ఎల్‌పార్‌ను లేపేటప్పుడు వాడే సెట్టింగుల పట్టికలో) 'డిజైర్డ్' విలువను, అంటే కోరుకునే కోర్ల సంఖ్యను, పాతగానే వదిలేస్తారు. తర్వాత ఆ ప్రొఫైల్‌తో ఎల్‌పార్‌ను మళ్లీ లేపినప్పుడు, అవే కోర్లు ఇంకా తెరిచి ఉంటే దానికే పోతాయి. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా సర్వర్లు చూసే బృందాలు షిఫ్టు అప్పగింతలో నడుస్తున్న విలువ, ప్రొఫైల్ విలువ అనే ఈ రెండు అంకెలనూ రాసిపెట్టుకోవడం మంచిది.

కోర్లు తెరిచినా వేగం పెరగలేదన్న ఫిర్యాదుకు కారణం ఎక్కువగా వర్చువల్ ప్రాసెసర్ల (ఎల్‌పార్‌కు కనిపించే ప్రాసెసర్ల) సంఖ్యే. అన్‌క్యాప్‌డ్ ఎల్‌పార్‌కు (తన వాటా దాటి ఖాళీ కోర్లను వాడుకోగలిగేదానికి) నాలుగు వర్చువల్ ప్రాసెసర్లే ఉంటే, సర్వర్‌లోని ఉమ్మడి కోర్ల పూల్‌లో పది కోర్లు ఖాళీగా ఉన్నా అది నాలుగు దాటదు. ఆ సంఖ్య పెంచాలన్నా ప్రొఫైల్‌లోని 'మ్యాగ్జిమమ్' (గరిష్ఠ హద్దు) అడ్డొస్తుంది. దాన్ని మార్చి ఎల్‌పార్‌ను పూర్తిగా ఆపి లేపాల్సిందే. అందుకే ఆ హద్దును ఎల్‌పార్ తయారుచేసినప్పుడే కాస్త ఎక్కువగా పెట్టుకోవాలి.

2013లో పవర్ ఎంటర్‌ప్రైజ్ పూల్స్, అంటే కొన్ని సర్వర్లను ఒక గుంపుగా చూసే పద్ధతి, వచ్చాయి. అప్పటి నుంచి యాక్టివేషన్‌ను (కోరు తెరిచే హక్కును) ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు తరలించే వీలు కలిగింది. పవర్8 తరం సర్వర్ల కాలంలో ఆన్/ఆఫ్ పేరు ఎలాస్టిక్‌గా మారింది. కొలత నిజంగా మారింది 2019లో, పూల్స్ 2.0తో. ఇందులో కోర్లన్నీ తెరిచే ఉంటాయి. ముందే డబ్బు కట్టిన బేస్ కెపాసిటీని పూల్ మొత్తం మీద దాటినప్పుడు మాత్రమే నిమిషాల లెక్కన క్రెడిట్లు (అదనపు వాడకానికి చెల్లింపు యూనిట్లు) కరుగుతాయి. పది గంటల పనికి రోజంతా కట్టే బాధ పోయింది. తిరిగి ఇవ్వడం మరిచిపోవడమనే మాటే లేదు.

కానీ ఇక్కడ అజాగ్రత్త మరో రూపంలో ఖర్చవుతుంది. అన్‌క్యాప్‌డ్ ఎల్‌పార్‌లో చుట్లు తిరుగుతున్న చెడ్డ ప్రాసెస్ ఒకటి చాలు, రాత్రంతా క్రెడిట్లు తినేస్తుంది. పూల్ వాడకాన్ని చూపే క్లౌడ్ మేనేజ్‌మెంట్ కన్సోల్‌లో బడ్జెట్ పరిమితి పెట్టకుండా పూల్ మొదలుపెట్టడం సాహసమే. మెమరీ సంగతి వేరు. కోర్లకు వాడినంతే లెక్క, మెమరీకి మాత్రం నడుస్తున్న ఎల్‌పార్‌కు ఎంత కేటాయిస్తే అంతా లెక్కే. ఎవరూ లాగిన్ కాని టెస్ట్ ఎల్‌పార్‌కు 64 జీబీ ఇచ్చి వదిలేస్తే, దాన్ని ఆపేదాకా ఆ 64 జీబీ ప్రతి నిమిషం పూల్ వాడకంలో కనిపిస్తూనే ఉంటుంది.