రంగం వెళ్లాడు, సూరత్ వెళ్లాడు: గంజాం వలసలో ఆడవాళ్ల లెక్క

బరంపురం, గోపాలపూర్ వైపు మన తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లు ‘మా తాత రంగం వెళ్లాడు’ అంటుంటారు. రంగం అంటే బర్మాలోని రంగూన్. ‘వెళ్లింది’ అని వినడం మాత్రం అరుదు.

ఈ ఊళ్లున్న గంజాం జిల్లా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, ఒడిశాలో కలిసింది 1936లో. కూలీలను కుదిర్చే మేస్త్రీ వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టి రేవులో ఓడెక్కించేవాడు. అక్కడ రేవులో మూటలు మోయడమో బియ్యం మిల్లులో పనో చేసుకోవాలి, అడ్వాన్సు తీరేదాకా మనిషి మేస్త్రీ గుప్పిట్లో ఉన్నట్టే. ఓడెక్కినవాళ్లలో ఆడవాళ్లు చాలా తక్కువ. పొలం, ముసలివాళ్లు, పిల్లలు, ఊళ్లో అప్పులు, అన్నీ వాళ్ల మీదే పడ్డాయి. 1930 మేలో రంగూన్‌లో తెలుగు రేవు కూలీల మీద దాడులు జరిగాయి. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక లక్షల మంది భారతీయులు అడవులు, కొండలు దాటి నడిచొచ్చారు, దారిలోనే పోయినవాళ్లు ఎందరో.

ఆ దారి మూసుకుపోయాక కొన్ని దశాబ్దాలకు గంజాం మగవాళ్లు సూరత్ మరమగ్గాల్లో పనికి వెళ్లడం మొదలైంది. పన్నెండు గంటల షిఫ్టు, మెస్ గదిలో పగటి షిఫ్టువాడు లేచిన చోటే రాత్రి షిఫ్టువాడు పడుకోవడం. ఆ కూలితో పెళ్లాం పిల్లల్ని అక్కడ పెట్టుకోవడం కుదరదు. అసలు సంగతి ఇదే. ఊళ్లో భార్య జీతం లేకుండా ఇల్లు నడుపుతోంది కాబట్టే ఆ కూలి అంత తక్కువలో సరిపోతోంది, కానీ ఈ పని ఏ లెక్కలోకీ రాదు. బ్యాంకు ఖాతాలు లేని రోజుల్లో వాళ్లు పంపే డబ్బును టప్పావాలా, అంటే చేతిమీదుగా చేరవేసే మనిషి, ఇంటింటికీ తెచ్చేవాడు. చాలా ఇళ్లలో అది మామగారి చేతికో అత్తగారి చేతికో వెళ్లేది. హెచ్‌ఐవీ కూడా ఆ దారినే వచ్చింది, భర్త నుంచి సోకినా కోడలినే నిందించిన ఇళ్లున్నాయి.

ఆస్తి దగ్గరికొస్తే ఇంకా బాధేస్తుంది. బరంపురానికి పాతిక కిలోమీటర్ల దూరంలోని ఇచ్ఛాపురంలో, ఆంధ్ర చట్టం వల్ల, పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు 1985లోనే వచ్చింది. బరంపురంలో కూతుళ్లు 2005 కేంద్ర సవరణ దాకా ఆగాల్సొచ్చింది. సూరత్ డబ్బుతో కొన్న స్థలం, కట్టిన ఇల్లు ఎక్కువగా మగవాళ్ల పేరునే ఉంటాయి. 2001లో ఒడిశా ప్రభుత్వ మహిళా పొదుపు సంఘాల పథకం మిషన్ శక్తి మొదలయ్యాక గ్రూపు లోన్లు వచ్చాయి, మంచిదే. సూరత్ నుంచి డబ్బు ఆలస్యమైన నెల ఆమె గ్రూపులో తీసుకుని ఇల్లు గడుపుతుంది, వాయిదా కట్టాల్సింది కూడా ఆమే. అంటే అప్పు ఆమె పేరు, ఆస్తి ఆయన పేరు.

2011 జనగణనలో వలస వెళ్లినవాళ్లు 45 కోట్లకు పైనే, అందులో మూడింట రెండు వంతులు ఆడవాళ్లు. కారణం అన్న గడిలో ఎక్కువమందికి ‘పెళ్లి’ అనే రాశారు. పెళ్లయి వెళ్లిన చోట ఆమె కూలికి పోయినా ఆ గడి మారదు.

ఇప్పుడు ‘వెళ్లింది’ అనే మాట కూడా వినిపిస్తోంది. ఒడిశా పల్లెల నుంచి ఆడపిల్లలు కుట్టుపని ట్రైనింగ్ తీసుకుని తిరుప్పూరు, బెంగళూరు గార్మెంట్ కంపెనీలకు వెళ్తున్నారు. చాలాచోట్ల హాస్టల్ గేటు దాటాలంటే పర్మిషన్ కావాలి. సూరత్ మెస్‌లో ఉండే అన్నలకు అలాంటి గేటు లేదు.