బీడీ ఆర్పి బ్యాటరీ దగ్గరికి

మృగశిర కార్తెలో తొలి వాన పడిన మర్నాడు నల్లగొండ జిల్లా పల్లెల్లో ఒక చప్పుడు వినిపిస్తుంది. రెండు నెలలుగా రేకుల షెడ్డులో పడి ఉన్న పాత ట్రాక్టరుకు సెల్ఫ్ కొడతారు. 'టక్' మని ఒక్క శబ్దం, ఆపై ఏమీ లేదు. వాడకపోయినా బ్యాటరీ తనంతట తానే దిగిపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ వేగం దాదాపు రెట్టింపవుతుంది. మే నెలలో ఆ రేకుల కింద ఎలా ఉంటుందో మనకు చెప్పనక్కర్లేదు.

అప్పుడు పక్కింటి నుంచి ఛార్జర్ వస్తుంది. దాని వెంట, నోట్లో బీడీతో, ఒక అనుభవజ్ఞుడూ వస్తాడు. నా భయమంతా ఆ బీడీ గురించే.

బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి. ఒక్కోటి సుమారు 2.1 వోల్టులు, నిండుగా ఉంటే మొత్తం 12.6. కరెంటు వాడుకునే కొద్దీ ఆమ్లంలోని సల్ఫేట్ సీసపు పలకలకు పట్టుకుంటుంది, ఆమ్లం పలచబడుతుంది. ఛార్జింగ్ దాన్ని తిరిగి ద్రవంలోకి పంపుతుంది. పలకల పని అయిపోయాక కూడా ఛార్జర్ ఆపకపోతే కరెంటు నీటిమీద పడుతుంది, దాన్ని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొడుతుంది. సెల్స్‌లో బుడగలు బుసబుసమంటుంటే 'బాగా ఎక్కుతోంది' అని సంబరపడతారు. నిజానికి అది ఇక చాలు అని చెప్పే చప్పుడు.

80 ఆంపియర్-అవర్ సామర్థ్యమున్న బ్యాటరీకి అందులో పదో వంతు, అంటే 8 ఆంపియర్ల ఛార్జింగ్ కరెంటు సరైన మోతాదు. అదే 8 ఆంపియర్లు ఒక గంట పూర్తిగా నీటిని విడగొట్టడానికే పోతే 20 లీటర్లకు పైగా హైడ్రోజన్ పుడుతుంది. ఫ్లోరైడ్ భయంతో మన ఇళ్లకు తెచ్చుకునే మంచినీళ్ల క్యాను ఉంది కదా, అంత! రంగు లేదు, వాసన లేదు. గాలిలో 4 శాతం ఉన్నా నిప్పురవ్వకు అంటుకుంటుంది. బ్యాటరీ పేలితే ఎగిరేది డబ్బా ముక్కలే కాదు, ఆమ్లం కూడా. కంట్లో పడితే వెంటనే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడుగుతూ ఉండాలి, తర్వాత ఆసుపత్రికి.

బీడీ పారేసినంత మాత్రాన నిప్పురవ్వ పోదు. నడుస్తున్న ఛార్జర్ క్లిప్పు లాగితే చిటుక్కుమంటుంది. అందుకే షెడ్డు తలుపులు తెరిచి, ముందు క్లిప్పులు తగిలించి ఆ తర్వాతే స్విచ్ వేయాలి. తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపాలి. బ్యాటరీని బయటికి తీయాలంటే బాడీకి కలిపిన తీగను మొదట విప్పాలి. లేదంటే రెండో టెర్మినల్ మీది స్పానర్ ఇనుప బాడీకి తగిలి క్షణంలో ఎర్రగా కాలుతుంది. బాడీకి కలిపింది ఎప్పుడూ నెగటివ్ తీగే అనుకోవద్దు. ఫోర్డ్‌సన్ మేజర్ వంటి పాత బ్రిటిష్ ట్రాక్టర్లలో పాజిటివ్‌నే బాడీకి కలిపేవారు. తీగ రంగు కాదు, బ్యాటరీ మీది గుర్తు చూడాలి.

ఇక నీళ్లు. ఫ్లోరైడ్ ఎక్కువున్న మన జిల్లా మర్రిగూడ బోరు నీళ్లు మన పళ్లకే మంచివి కావు, సీసపు పలకలకు ఎలా అవుతాయి? క్యాను నీళ్లలోనూ కొంత లవణం మిగులుతుంది. డిస్టిల్డ్ వాటరే పోయాలి, అదీ ఛార్జింగ్ అయ్యాకే. ముందు పలకలు మునిగితే చాలు, ఎందుకంటే ఛార్జ్ ఎక్కే కొద్దీ మట్టం పైకి వస్తుంది. పాత ట్రాక్టర్లలో బ్యాటరీ కింది ఇనుప తొట్టి జల్లెడలా తూట్లు పడి కనిపిస్తే, ఎవరో ముందే నిండా పోసి ఆమ్లాన్ని పొర్లించారన్నమాట.