ఒక్క దిక్కుకే నడిచే ఊలు పోగు

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. కెనడాలో ఉన్న కూతురి కోసం మూడు నెలలు కూర్చుని మెరినో ఊలుతో స్వెట్టరు అల్లారట. అల్లుడు తెలియక దాన్ని మిగతా బట్టలతో కలిపి వాషింగ్ మెషిన్‌లో వేశారు. బయటికి తీసేసరికి అది మూడేళ్ళ మనవడి కొలతకు వచ్చింది, పైగా అట్టలా బిరుసెక్కింది. వేడి నీళ్ళకు ఊలు ముడుచుకుపోతుందని అందరూ చెబుతున్నారట. సాగదీస్తే మళ్ళీ మామూలుగా అవుతుందా అని ఆమె ప్రశ్న.

ఆమె బాధ నాకు తెలుసు. కానీ వేడి మీద మోపిన నేరం సగమే నిజం. ఊలుకు రంగు వేసేవాళ్ళు చిలపలను, అంటే దారపు కట్టలను, మరుగుతున్నంత వేడి నీళ్ళలో గంటసేపు ఉంచుతారు. కదపరు, పిండరు, నీళ్ళు వాటంతట అవే చల్లారే దాకా ఆగుతారు. ఆ చిలపలు ముడుచుకోవు, అట్టకట్టవు. అదే ఊలును చల్లటి సబ్బు నీళ్ళలో వేసి ఓపికగా రుద్దుతూ పోతే, ఆలస్యంగానైనా అట్టకడుతుంది. అంటే అసలు కారణం కుదుపు. వేడి, తడి, సబ్బు దానికి తోడు నిలుస్తాయి. కుదుపు ఎటు పడితే అటు ఉంటుంది కదా, మెషిన్ డ్రమ్ము రెండు వైపులా తిరుగుతుంది కదా, మరి స్వెట్టరు ఒక్క చిన్నదయ్యే వైపుకే ఎందుకు వెళ్ళింది? నన్ను ఏళ్ళుగా పట్టుకున్న ప్రశ్న ఇదే.

దీనికి సమాధానం మీ తలలోనే ఉంది. పొడవాటి వెంట్రుక ఒకటి తీసుకోండి. కుదురు ఎటు, కొన ఎటు అన్నది గుర్తు పెట్టుకోండి. దాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని, ఆ వేళ్ళను వెంట్రుక పొడవునా ముందుకూ వెనక్కూ రుద్దండి. వేళ్ళు రెండు వైపులా సమానంగానే కదులుతాయి, వెంట్రుక మాత్రం కుదురు వైపుకే నడుస్తుంది. తిప్పి పట్టుకోండి, అప్పుడు కూడా కుదురు వైపుకే. మొదటిసారి ఇది చూసిన రోజు నేను పది వెంట్రుకలతో చేసి చూశాను.

వెంట్రుకైనా ఊలు పోగైనా పైపొర పెంకుటింటి కప్పులా ఉంటుంది. కుదురు వైపు ఇంటి కొప్పు అనుకుంటే కొన వైపు చూరు. కొప్పు నుంచి చూరు దాకా చేయి రాస్తే జారిపోతుంది, చూరు నుంచి పైకి రాస్తే ప్రతి పెంకు అంచూ చేతికి తగులుతుంది. మెరినో పోగు మందం సుమారు 20 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. దాని మీద పెంకు అంచు లేచి ఉండే ఎత్తు ఒక్క మైక్రాన్ కూడా ఉండదు. అంత చిన్న గడప చాలు, ఒక దిక్కున రాపిడి తక్కువ, ఎదురు దిక్కున ఎక్కువ. బడిలో మనకు రాపిడి అంటే వాలుబల్ల మీద చెక్కముక్క. అది ఎటు జరిపినా ఒకేలా అడ్డుకుంటుంది. దిక్కును బట్టి మారే రాపిడి ఒకటుందని ఒక్క వెంట్రుకతో, పైసా ఖర్చు లేకుండా, ఏడో తరగతి పిల్లలకు చూపించవచ్చు. చూపించాలి కూడా.

పల్లెలో పెరిగినవాళ్ళకు దీని పెద్ద రూపం తెలిసే ఉంటుంది. మీసాలున్న గడ్డి కంకిని తెంపి, కాడ పైకి ఉండేలా చొక్కా చేతిలో మణికట్టు దగ్గర దూర్చి, చేయి ఊపుకుంటూ నడుస్తారు పిల్లలు. కంకి తనంత తానే పైకి పాకి భుజం దగ్గర తేలుతుంది. చేయి ముందుకూ వెనక్కూ ఊగింది, కంకి మాత్రం కాడ ముందు పెట్టుకుని పైకే పోయింది. మీసాలన్నీ వెనక్కి వాలి ఉన్నాయి కనుక ముందుకు జారడం సులువు, వెనక్కి రావాలంటే గుడ్డలో దిగబడతాయి. ఊలు పోగుకు కుదురు కాడ, పెంకుల అంచులు మీసాలు. ఆ చొక్కా చేతిలో ఒక కంకికి బదులు వెయ్యి కంకులు, సగం ఇటు మొహంగా, సగం అటు మొహంగా ఉన్నాయనుకోండి. ప్రతిదీ తన కాడ చూపిన దిక్కుకే పోతుంది, దారిలో ఎదురైనవాటి మీసాల్లో చిక్కుకుంటుంది, వాటిని తనతో లాక్కుపోతుంది. చేయి ఊగిన కొద్దీ వదులు తగ్గి ముద్ద గట్టిపడుతుంది. అట్టకట్టడమంటే ఇదే.

ఇక తడి సంగతి. ఊలు తన బరువులో మూడో వంతు దాకా నీటి ఆవిరిని పీల్చుకోగలదు. పోగు లావు దాదాపు 16 శాతం పెరుగుతుంది, పొడవు మాత్రం ఒక శాతమే. ఊలు కెరటిన్ అనే ప్రొటీన్, దాని గొలుసులు స్ప్రింగుల్లా చుట్టుకుని ఉంటాయి. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో విలియం ఆస్ట్‌బరీ 1930లలో ఊలు పోగులను సాగదీసి ఎక్స్-కిరణాలతో చూసినప్పుడు, సాగని ఊలుకు ఒక చిత్రమూ సాగిన ఊలుకు మరో చిత్రమూ వచ్చాయి. ఆ చుట్టు ఎలాంటిదో 1951లో లైనస్ పాలింగ్ బృందం తేల్చింది, జీవరసాయన పుస్తకాల్లోని ఆల్ఫా హెలిక్స్ అదే. గొలుసుల మధ్య ఉండే బలహీనమైన హైడ్రోజన్ బంధాలను నీళ్ళు వదులు చేస్తాయి. గొలుసులను గట్టిగా కలిపి ఉంచే గంధకపు వంతెనలు మాత్రం తెగవు, అవి పోగును మళ్ళీ పాత పొడవుకు లాగుతాయి. అందుకే తడిసిన పోగు బాగా సాగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. కుదుపులో కుదురు చివర ముందుకు సాగుతుంది, పెంకులు పట్టుకుంటాయి, పోగు ముడుచుకుంటూ తన వెనక భాగాన్నీ పక్క పోగులనూ దగ్గరికి లాగుతుంది. మళ్ళీ సాగుతుంది, మళ్ళీ లాగుతుంది. ఒంటినిండా నూగున్న పురుగుకు మన పెద్దలు గొంగళి పురుగు అని పేరు పెట్టారు. గొంగళిలోని ప్రతి పోగూ ఆ పురుగులాగే సాగి ముడిచి పాకగలదని తెలిశాక, ఆ మాట విన్నప్పుడల్లా నాకు సంతోషం కలుగుతుంది.

మరి గొర్రె ఏడాది పొడవునా వానలో తడుస్తుంది, కంపలకు రాసుకుంటుంది. దాని వీపు మీద ఊలు ఎందుకు అట్టకట్టదు? కుదుళ్ళన్నీ చర్మంలో పాతుకుని ఉన్నాయి, పెంకులన్నీ ఒకే వైపు చూస్తున్నాయి. నడవడానికి వీలు లేదు, నడిచినా ఎదురుపడేవాళ్ళు లేరు. పైన జిడ్డు పూత కూడా ఉంది. కత్తిరించి, కడిగి, ఏకి, పోగులను కలగాపులగం చేసినప్పుడే కుదుళ్ళు అన్ని దిక్కులకూ తిరుగుతాయి.

మనుషుల తలలో కూడా రాలి నిలిచిన వెంట్రుకలు ఇలాగే తిరగబడి నడుస్తాయి. దువ్వని తలను కుప్పగా పోసి రుద్దితే జడలు కడుతుంది. ఇంతకు మించి అందులో ఏమీ లేదు. అయినా తెలంగాణలోనూ ఉత్తర కర్ణాటకలోనూ కొన్ని పల్లెల్లో ఆడపిల్ల తల జడకడితే ఎల్లమ్మ తల్లి పిలిచిందని, కత్తిరిస్తే కీడని నమ్మారు. ఆ ఒక్క గుర్తుతో పిల్లలను జోగినులుగా వదిలేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. చట్టంతో పాటు ఆ ఊళ్ళలో వెంట్రుక ప్రయోగం కూడా చేసి చూపించాలని నా కోరిక. తన వేళ్ళ మధ్య వెంట్రుక నడవడం చూసిన తల్లి, బిడ్డ తలలోని ముడిని చూసి భయపడదు.

అల్లికకు వద్దాం. మెషిన్‌లో పొరపాటున జరిగినదాన్ని కావాలని చేస్తే ఫెల్టు. వదులుగా అల్లి, వేడి సబ్బు నీళ్ళలో పిసికి, సంచులూ చెప్పులూ టోపీలూ చేస్తారు. నా మొదటి సంచి దారుణంగా విఫలమైంది. హైదరాబాదులో ఒక దుకాణంలో ఊలు అడిగి తెచ్చిన ఉండలతో దాన్ని అల్లి, గంటన్నర పిసికాను. వేళ్ళు నానిపోయాయి కానీ ఒక్క కుట్టు కూడా చెదరలేదు. మన దగ్గర అల్లడానికి పనికొచ్చే మెత్తటి దారమంతటినీ ఊలు అనే అంటాం, అందులో చాలావరకు అక్రిలిక్. ప్లాస్టిక్ దారానికి పెంకులు ఎక్కడివి? ఇప్పుడు అల్లే ముందు చిన్న ముక్క కాల్చి చూస్తాను. ఊలైతే వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. అక్రిలిక్ కరిగి గట్టి గుండ్రటి పూసలా మారుతుంది. నరసాపురం లేసు అల్లే నూలుకు కూడా ఈ పెంకుల బెడద లేదు, ఎన్ని ఉతుకులైనా ఆ పూలు అట్టకట్టవు.

రెండోసారి అసలైన ఊలే తెప్పించాను, అదీ అట్టకట్టలేదు. చీటీ మీద 'మెషిన్‌లో ఉతకవచ్చు' అని ఉంది, నేను పట్టించుకోలేదు. అలాంటి ఊలును ముందుగా క్లోరిన్‌తో కడిగి పెంకుల అంచులు అరగదీసి, పైన పలచటి రెజిన్ పూత పూస్తారు. కంకికి మీసాలు గొరిగినట్టే. విశాఖ పాఠకురాలు ఈసారి పిల్లలకు అల్లేటప్పుడు కొనవలసింది సరిగ్గా అదే ఊలు.

మూడోసారి కుదిరింది. లావు సూదులతో, మామూలు స్వెట్టరు కన్నా బాగా వదులుగా అల్లాను, పోగులు నడవడానికి చోటుండాలి కనుక. పావుగంటకు కుట్లు మసకబారాయి, అరగంటకు మాయమయ్యాయి, చేతిలో అల్లిక పోయి ఒక చర్మం లాంటిది మిగిలింది. అల్లిన గుడ్డ వెడల్పు కన్నా పొడవులో ఎక్కువ తగ్గుతుందని అప్పుడే తెలిసింది. 30 సెంటీమీటర్ల చతురస్రం దాదాపు 24 వెడల్పు, 20 పొడవు అయింది. లోపల కుట్టిన జేబు సంచి గోడకు అతుక్కుపోయింది, రెండు పొరల పోగులు ఒకదానిలోకి ఒకటి నడిచాయి. మధ్యలో ఒక నూలు గుడ్డ పెట్టి ఉంటే అతుక్కునేది కాదు.

కశ్మీర్‌లోనూ రాజస్థాన్‌లోని టోంక్‌లోనూ చేసే నమ్దాలనే ఫెల్టు తివాచీలకు అల్లికా నేతా రెండూ లేవు. ఏకిన ఊలును పొరలుగా పరిచి, సబ్బు నీళ్ళు చల్లి, చుట్టచుట్టి నొక్కుతారు. మన గొంగడి దారి వేరు. కురుమలు దక్కనీ గొర్రెల ఊలు వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి, మగ్గం మీద నేస్తారు. దక్కనీ ఊలు ముతక. ముతక పోగుకు పెంకుల పట్టు తక్కువ, అందువల్ల గొంగడి గట్టిగా అట్టకట్టదు, పోగులు ఊడి వస్తుంటాయి. గొంగళిలో తింటూ వెంట్రుకలు ఏరడం అన్న సామెత ఆ ముతకదనం నుంచే పుట్టింది. కానీ వాన పడినప్పుడు ఆ పోగులు ఉబ్బి సందులు మూసుకుంటాయి. దాన్ని కొప్పెరలా తల మీద వేసుకుని మంద వెంట నిలబడిన కాపరికి అదే గొడుగు.

ఇక ఆ స్వెట్టరు. తడిపి సాగదీస్తే వేలెడు పెరుగుతుందేమో, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు. భుజం దాకా వెళ్ళిన కంకిని మణికట్టు వైపు లాగి చూడండి, చొక్కా చిరుగుతుంది కానీ కంకి రాదు. అయితే ఫెల్టుకు ఒక గుణముంది. అల్లికలో ఒక్క కుట్టు తెగితే వరసంతా విడిపోతుంది, ఫెల్టును ఎక్కడ కత్తిరించినా విడిపోదు. సైబీరియాలోని పజిరిక్ సమాధుల మంచులో రెండు వేల ఏళ్ళకు పైగా పడి ఉన్న ఫెల్టు హంస కత్తిరించి కుట్టిన ముక్కలతోనే నేటికీ నిలిచి ఉంది. కాబట్టి అమ్మాయికి ఇలా చెప్పండి: స్వెట్టరు బిరుసెక్కింది కనుక బాబు తల మెడలో పట్టదు, ముందు భాగాన్ని పై నుంచి కింది దాకా కత్తెరతో నిలువుగా కోసి గుండీలు పెట్టమనండి. అంచు మడిచి కుట్టే పని లేదు. అల్లినప్పటి కన్నా ఇప్పుడు దానిలో గాలి దూరడం చాలా కష్టం, కెనడా చలికి వాడికి బాగా పనికొస్తుంది.