పాత మజిల్ కారులో కొత్త ఇంజిన్: అపోహలు - వాస్తవాలు

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళ ఇంటికి ఆదివారం భోజనానికి వెళ్తే, బిర్యానీ అయ్యాక ఎవరో ఒకరు నన్ను గ్యారేజీలోకి లాక్కెళ్తారు. "అన్నా, 69 కమారో ఒకటి బేరంలో ఉంది. తుక్కు యార్డు నుంచి ఎల్‌ఎస్ ఇంజిన్ తెచ్చి పెట్టేస్తే వారం పది రోజుల్లో అయిపోతుందట కదా?" ఆ "అట" ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. పది నిమిషాల వీడియోలో ఇంజిన్ దిగుతుంది, ఇంజిన్ ఎక్కుతుంది, పొగ లేపుతూ కారు వెళ్ళిపోతుంది. మధ్యలో గడిచిన ఎనిమిది నెలలు కనబడవు.

పదకొండేళ్ళుగా ఇదే నా పని. అందుకే రోజూ వినే మాటలకు ఒకేసారి జవాబు రాసి పెడుతున్నా. నా పని ఎక్కువగా షెవ్రొలేల (కమారో, షెవెల్, కార్వెట్) మీద కాబట్టి ఉదాహరణలూ అవే. ఎల్‌ఎస్ అంటే జనరల్ మోటార్స్ 1997 కార్వెట్‌తో మొదలుపెట్టిన వీ8 ఇంజిన్ల కుటుంబం. కార్లలోనే కాదు, లక్షల పికప్ ట్రక్కుల్లోనూ వచ్చింది కాబట్టి యార్డుల్లో సులువుగా దొరుకుతుంది.

అపోహ: కొత్త ఇంజిన్ పెట్టడం పాత కారుకు అపచారం

అసలు మజిల్ కారు (మామూలు సైజు కారులో భారీ ఇంజిన్) పుట్టిందే ఇలా. 1964లో పాంటియాక్ వాళ్ళు మధ్య సైజు టెంపెస్ట్ కారులో పెద్ద కార్ల 389 ఘనపుటంగుళాల ఇంజిన్ కూర్చి జీటీవో అన్నారు. ఆ సైజు కారులో అంత పెద్ద ఇంజిన్ పెట్టకూడదని సొంత కంపెనీ నియమమే ఉన్నా, దాన్ని ఆప్షన్ పేరుతో దాటేశారు. పెన్సిల్వేనియాలో డాన్ యెంకో అనే డీలరు 1967 నుంచి కమారోల్లో 427 ఇంజిన్లు ఎక్కించి అమ్మాడు. ఇవాళ అవి వేలానికొస్తే సామాన్యుడు చెయ్యెత్తే పరిస్థితి లేదు. అంతదాకా ఎందుకు, మన అంబాసిడర్‌కు 1990లలో ఇసుజు 1.8 లీటర్ల ఇంజిన్, ఐదు గేర్ల బాక్సు కంపెనీయే పెట్టి అమ్మింది. అపచారమని ఎవరూ అనలేదు. హమ్మయ్య అన్నారు.

ఒక్క చోట మాత్రం ఈ మాట నిజం. బ్లాకు మీద చెక్కిన నంబరు, కారు నంబరు కలిసి, ఫ్యాక్టరీలో పెట్టిన ఇంజినే ఇంకా అందులో ఉంటే ఆగండి. అలాంటి బిగ్ బ్లాక్ (పెద్ద సైజు వీ8) కారుకు నేను చెయ్యి పెట్టను. ఇంజిన్ ఎప్పుడో పోయి, ఎవరో ఏదో 350 ఘనపుటంగుళాల ఇంజిన్ తగిలించిన కారైతే నిరభ్యంతరంగా చేసుకోవచ్చు. మా దగ్గరకొచ్చే వాటిలో చాలావరకు ఇలాంటివే.

అపోహ: పాత ఇంజిన్లకే అసలు బలం, 450 హార్స్ పవర్ ఉండేది

1970 షెవెల్ ఎస్‌ఎస్‌లో అన్నిటికంటే బలమైన 454 ఇంజిన్‌కు కంపెనీ కాగితం మీద 450 అని రాసిన మాట నిజమే. కానీ అప్పటి లెక్క వేరు. ఇంజిన్‌ను బల్ల మీద పెట్టి, ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్, ఆల్టర్నేటర్ లాంటి బరువులేవీ లేకుండా కొలిచేవారు. 1972 నుంచి అవన్నీ తగిలించి కొలవడం మొదలైంది. 1971 కార్వెట్‌లో మామూలు 350 ఇంజిన్‌ను 270 అన్నారు. మరుసటి ఏడాది దాదాపు అదే ఇంజిన్‌ను 200 అన్నారు. గుర్రాలు చచ్చిపోలేదు, తక్కెడ మారింది.

1997 ఎల్‌ఎస్1 సైజు 346 ఘనపుటంగుళాలు, అంటే పాత 350 లాగే 5.7 లీటర్లు. కొత్త తక్కెడలోనే 345 తూగింది. అల్యూమినియం బ్లాకు కాబట్టి పూర్తి ఇనుప 350 కంటే వంద పౌండ్లకు పైగా తేలిక కూడా. ట్రక్కుల్లో వచ్చే 5.3 లీటర్ల ఇనుప బ్లాకు కొంటే మాత్రం ఆ తేలిక పెద్దగా మిగలదు. చవక కదా అని అదే తీసుకుంటారు, తీసుకోండి, మంచి ఇంజినే.

అపోహ: బోల్టులన్నీ సరిపోతాయి, దించి ఎక్కించడమే

దించి ఎక్కించడం ఒక్క రోజు పని. నిజమే. ఎక్కించాక మొదలవుతుంది అసలు కథ.

పాత స్మాల్ బ్లాకుకు (350 లాంటి చిన్న వీ8) పక్కన మౌంటు బోల్టులు మూడు, ఎల్‌ఎస్‌కు నాలుగు. మధ్యలో అడాప్టర్ ప్లేటు వేయాలి. ఆ ప్లేటు అర అంగుళం ముందుకో వెనక్కో ఉన్నా దాని ప్రభావం కారు చివరిదాకా పాకుతుంది. ఇంజిన్ వెనక్కి జరిగితే హెడ్డు (సిలిండర్ల పై మూత) ఫైర్‌వాల్‌కు, అంటే ఇంజిన్ గదికి, క్యాబిన్‌కు మధ్య గోడకు తగులుతుంది. ముందుకు జరిగితే రేడియేటర్ ఫ్యానుకు చోటుండదు. ట్రక్కు ఇంజిన్‌తో వచ్చే ఆయిల్ పాన్ లోతెక్కువ. కమారోలో అది క్రాస్‌మెంబర్‌కు (ఇంజిన్ కింద అడ్డంగా ఉండే దూలం) తగులుతుంది, లేదా స్టీరింగ్ తిప్పినప్పుడు లింకు వచ్చి తగులుతుంది. స్టీరింగ్‌ను ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తిప్పి చూడకుండా పాన్ బిగించకండి. నేను ఒకసారి తిప్పి చూడలేదు. కారు నేల మీద నిలబడ్డాక, మొదటి మలుపులో "కిర్ర్" మంది.

గేర్‌బాక్స్ దగ్గర ఇంకో మెలిక ఉంది. పాత టీహెచ్350 అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఎల్‌ఎస్‌కు దాదాపు అలాగే పడుతుంది, ఒక్క బోల్టు తప్ప. అది చూసి అందరూ సంబరపడతారు. కానీ ఎల్‌ఎస్ క్రాంక్ (ఇంజిన్ లోపల తిరిగే ఇరుసు) వెనక అంచు పాతదాని కంటే 0.4 అంగుళం లోపలికి ఉంటుంది. ఆ ఖాళీలో స్పేసర్ పెట్టకుండా టార్క్ కన్వర్టర్‌ను (ఇంజిన్ బలాన్ని గేర్‌బాక్స్‌కు అందించే భాగం) బోల్టులతో ముందుకు లాగి బిగిస్తే, గేర్‌బాక్స్ లోపలి ఆయిల్ పంపు మీద దాని పట్టు తగ్గిపోతుంది. కారు బాగానే నడుస్తుంది, కొన్నాళ్ళు.

ఫోర్డ్ మస్టాంగ్ వాళ్ళకైతే ఇంకా కష్టం. 2011లో వచ్చిన ఫోర్డ్ కొయోటీ 5.0 ఇంజిన్‌కు ఒక్కో హెడ్డు మీద రెండు క్యామ్‌షాఫ్టులు, అందుకే వెడల్పు చాలా ఎక్కువ. 1960ల మస్టాంగ్ ఇంజిన్ గదికి రెండు పక్కలా షాక్ టవర్లు గోడల్లా ఉంటాయి. వాటిని కోసేసి ముందు సస్పెన్షన్ మొత్తం మార్చాలి. దాన్ని ఇంజిన్ మార్పిడి అని ఎందుకంటారో నాకు అర్థం కాదు.

అపోహ: పెట్రోల్ ట్యాంకు పాతదే చాలు, ఒక పంపు తగిలిస్తే సరి

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. కార్బురేటర్‌కు ఐదారు పీఎస్ఐ ఒత్తిడి చాలు. ఎల్‌ఎస్ ఇంజెక్టర్లకు 58 కావాలి. అంటే పది రెట్లు. పాత రబ్బరు పైపులు, క్లిప్పులు ఆ ఒత్తిడికి పనికిరావు. వేడి ఎగ్జాస్ట్ పక్కన పైపు ఊడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

సరే, పైపులు మార్చి, ట్యాంకు బయట ఒక పంపు బిగించారనుకుందాం. ట్యాంకు నిండుగా ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. పావుకొచ్చాక గట్టి మలుపు తిప్పితే పెట్రోల్ అంతా ఒక మూలకు పోతుంది, పంపు గాలి పీలుస్తుంది, ఇంజిన్ దగ్గుతుంది. కార్బురేటర్ రోజుల్లో ఆ రెండు క్షణాలను దాని గిన్నెలోని పెట్రోల్ కాపాడేది. ఇంజెక్షన్‌లో ఆ గిన్నె లేదు. పైగా బయట బిగించిన పంపు తేనెటీగల తుట్టెలా మోగుతూనే ఉంటుంది. ఇప్పుడు కమారో, షెవెల్ లాంటి కార్లకు పాత ఆకారంలోనే, లోపల అడ్డుగోడలు, పంపు అమర్చిన కొత్త ట్యాంకులు దొరుకుతున్నాయి. ఆ ఖర్చు మొదటి రోజే లెక్కలో వేసుకోండి.

అపోహ: ఈ ఇంజిన్లు పాత కారులో వేడెక్కుతాయి

నేను సొంతానికి కట్టుకున్న మొదటి కారుకు ఇదే జరిగింది. టెంపరేచర్ ముల్లు కాసేపు బాగుండేది, ఉన్నట్టుండి పైకి లేచేది. థర్మోస్టాట్ మార్చాను, ఫ్యాను మార్చాను, రెండు వారాంతాలు పోయాయి. చివరికి మా షాపులో ఒక పెద్దాయన వచ్చి, హెడ్డు మూలన నేను బిరడా కొట్టి మూసేసిన చిన్న గొట్టాన్ని వేలితో చూపించి వెళ్ళిపోయాడు. ఒక్క మాట అనలేదు.

ఎల్‌ఎస్ హెడ్లలో పైన చేరే గాలిని, ఆవిరిని బయటికి పంపడానికి ఆ గొట్టం ఉంటుంది. అది రేడియేటర్ పైభాగానికో, విడి ట్యాంకుకో కలవాలి. పాత రేడియేటర్‌కు దాన్ని కలిపే చోటు ఉండదు కాబట్టి నాలాంటి అతితెలివివాళ్ళు మూసేస్తారు. గాలి లోపలే ఉండిపోయి అక్కడక్కడా లోహం కాగిపోతుంది. దాన్ని సరిగ్గా కలిపి మంచి అల్యూమినియం రేడియేటర్ పెడితే టెక్సస్ ఆగస్టు ఎండలో, ఏసీ వేసుకుని, ట్రాఫిక్‌లో నిలబడినా ముల్లు కదలదు.

అపోహ: వైరింగ్ మనవల్ల కాదు

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే మనవాళ్ళు ఈ మాట అంటే నవ్వొస్తుంది. పాత కారు కోసం సిద్ధం చేసిన విడి వైరింగ్ కిట్లు దొరుకుతాయి. చివరికి తగిలించాల్సినవి కొన్ని తీగలే. ట్రక్కు కంప్యూటర్‌నే వాడితే అందులో దొంగతనం జరగకుండా అడ్డుకునే ప్రోగ్రాం తీసేయించుకోవాలి, లేకపోతే ఇంజిన్ అలా అంటుకుని ఇలా ఆగిపోతుంది. మా దగ్గరకు "కంప్యూటర్ పోయింది" అంటూ వచ్చే కార్లలో ఎక్కువ వాటికి పోయింది ఎర్తింగ్. రంగు మీద బోల్టు బిగిస్తారు. గీకి, మెరిసే లోహం మీద బిగించండి.

అపోహ: ఇంజిన్ ముఖ్యం, గేర్‌బాక్స్ ఏదైనా ఒకటే

నన్నడిగితే డబ్బు తక్కువున్నవాళ్ళు ఇంజిన్ వదిలేసి గేర్‌బాక్స్ ఒక్కటి మార్చుకోవాలి. లెక్క చూడండి. 26 అంగుళాల టైరు, వెనక 3.73 డిఫరెన్షియల్, గంటకు 70 మైళ్ళు. పాత టీహెచ్350లో పై గేరు ఒకటికి ఒకటే, అంటే ఇంజిన్ నిమిషానికి దాదాపు 3,370 సార్లు తిరగాలి. ఆస్టిన్ దాకా వెళ్ళొస్తే రెండు రోజులు చెవుల్లో హోరు. 4ఎల్60ఈ గేర్‌బాక్స్‌లో నాలుగో గేరు 0.70 కాబట్టి అదే వేగానికి 2,360 చాలు. ఆరు గేర్ల మాన్యువల్ బాక్సు టీ56 ఆరో గేరు 0.50లో 1,690కి దిగుతుంది. అలాగని వెనక 3.08 ఉంచి 0.50 పెట్టకండి. అప్పుడు 1,400 దగ్గర ఇంజిన్ ఈడ్చుకుంటూ పోతుంది, ఆరో గేరు అలంకారమే.

టీ56కు కమారో నేల మధ్యలో గేర్‌బాక్స్ ఉండే సొరంగాన్ని కోసి పెంచాలి. కోయడం ఇష్టం లేనివాళ్ళ కోసం ట్రెమెక్ టీకేఎక్స్ అనే ఐదు గేర్ల బాక్సు ఉంది, పాత కార్ల సొరంగాల కొలతలు చూసుకునే చేశారు. ఏది పెట్టినా ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు మారుతుంది. గేర్‌బాక్స్ వాలు, వెనక డిఫరెన్షియల్ పినియన్ వాలు ఒకదానికొకటి సరిపోకపోతే 60 మైళ్ళ దగ్గర కారంతా వణుకుతుంది. జనం మాత్రం కారణం తెలియక చక్రాలు బ్యాలెన్స్ చేయిస్తూ ఉంటారు.

అపోహ: బ్రేకులు తర్వాత చూసుకోవచ్చు

వద్దు. అప్పటి చాలా కార్లకు ముందు కూడా డ్రమ్ములే, డిస్కులకు అదనంగా డబ్బు కట్టాల్సి వచ్చేది. 430 హార్స్ పవర్ ఎల్‌ఎస్3 పెట్టి డ్రమ్ములతో వచ్చినవాళ్ళకు తాళాలు వెంటనే ఇవ్వలేదు నేను.

అపోహ: పాత కారు కదా, చట్టం పట్టదు

కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు పెట్రోల్ కార్లకు పొగ పరీక్ష లేదు. అసలు మజిల్ కార్లన్నీ ఇందులోకే వస్తాయి. 1978 కమారో అయితే అలా కాదు. పెట్టే ఇంజిన్ కారు ఏడాదిదో, ఆ తర్వాతదో అయి ఉండాలి, దాని పొగ నియంత్రణ సామాను అంతా ఉండాలి, ఇలాంటి మార్పులు తనిఖీ చేసే రెఫరీకి చూపించి స్టిక్కర్ వేయించుకోవాలి. టెక్సస్‌లో పరీక్ష ఉన్న కౌంటీల్లో కూడా 24 ఏళ్ళు దాటిన కార్లను వదిలేస్తారు. హైదరాబాద్ నుంచి అడిగేవాళ్ళకు: మన దగ్గర ఆర్‌సీలో ఇంజిన్ నంబరే ఉంటుంది. ముందు ఆర్‌టీఏ ఆఫీసు, తర్వాతే గ్యారేజీ.

అపోహ: పాత ఇంజిన్ తుక్కుకు అమ్మేయొచ్చు

కారుతో పుట్టిన ఇంజిన్ కాకపోతే మీ ఇష్టం. అదే ఇంజిన్ అయితే, పాడైపోయినా సరే ఉంచండి. స్పార్క్ ప్లగ్గు రంధ్రాల్లో కాస్త ఆయిల్ పోసి, చేత్తో రెండు చుట్లు తిప్పి, రంధ్రాలన్నీ మూసి, స్టాండు మీద కప్పి పెట్టండి. బ్లాకు ముందు చదును మీద నంబరు ఉన్న చోట ఎవరినీ గ్రైండర్ పెట్టనివ్వకండి. రేపు కారు కొనేవాడు మొదట టార్చి వేసి చూసేది అదే. మా షెడ్డులో ఇలా కప్పి పెట్టినవి మూడున్నాయి. యజమానులు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి వచ్చి తీసుకెళ్ళండి. కంప్రెసర్ దగ్గరికి వెళ్ళాలంటే పక్కకు తిరిగి నడవాల్సి వస్తోంది.